ఇంటిగుట్టు

'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్న సామెత మొదటిసారి ఎప్పుడు విన్నానో గుర్తులేదు. పుట్టినప్పటినుంచీ వింటూనే ఉన్నట్టుంటుంది. మా అమ్మమ్మ మా అమ్మకి చెప్పేది, అమ్మ నాకూ చెల్లికీ చెప్పేది. మా ఇంట్లో మగవాళ్ళకి ఈ సామెత ఎవరూ చెప్పగా నేను వినలేదు. గుట్టు కాపాడే ఉద్యోగం ఆడవాళ్ళది కాబట్టి సామెత కూడా ఆడవాళ్ళకే అప్పగించారనుకుంటాను.

1994 ఆగస్టులో రెండు సూట్‌కేసులతో అమెరికాలో దిగినప్పుడు ఆ సామెతని కూడా వెంట తీసుకెళ్ళాను. ఆవకాయ సీసా, చిన్న ప్రెషర్ కుక్కరు, అమ్మ కుట్టించిన రెండు స్వెట్టర్లు జాబితాలో ఉన్నాయి. సామెత లేదు. కానీ దిగిన మూడో వారంలోనే నేను వాడుకున్నది దాన్నే. ఏ సందర్భంలో వాడుకున్నానో చెప్పడానికే ఈ వ్యాసం. చెప్పాక ఒక ప్రశ్న మిగులుతుంది. మనవాళ్ళని చిన్నచూపు చూసేవాళ్ళ ముందు మనవాళ్ళ తప్పు గురించి నిజం చెప్పాలా, వద్దా? ముప్ఫై ఏళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మొదట్లో నేను ఇచ్చుకున్న జవాబులన్నీ నాకు అనుకూలంగా ఉండడమే దానికి కారణం.

*

మా పెద్దమ్మ కూతురు నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నాకు జడలు వేసింది, సైకిలు నేర్పింది, లైబ్రరీ నించి తెచ్చిన నవలలు అమ్మకి కనపడకుండా ఎక్కడ దాచుకోవాలో నేర్పింది. పెళ్ళయిన మూడో ఏడు, 1992 మార్చిలో, ఒళ్ళంతా కాలి ఆస్పత్రిలో చేరింది. రెండు రోజులు బతికింది. స్టవ్ పేలిందన్నారు. మెజిస్ట్రేటు వచ్చి వాంగ్మూలం తీసుకుంటే అక్క కూడా స్టవ్ పేలిందనే చెప్పింది. అప్పుడు గది బయట అత్తగారి చంకలో అక్క కొడుకు ఉన్నాడు. వాడికి ఏడాదిన్నర.

ఆ ఇంట్లో పనిచేసే ఆమె రెండో రోజు సాయంత్రం ఆస్పత్రి గేటు దగ్గరికొచ్చి మా పెద్దమ్మని పక్కకి పిలిచింది. "స్టవ్వు అటక మీదుందమ్మా. గ్యాసు వచ్చాక నేనే ఎక్కించాను" అంది. అంతే అంది. పెద్దమ్మ వెనక నేనున్నాను, విన్నాను.

అప్పటికి చట్టం లేక కాదు. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. హైదరాబాదులో 1975లో ప్రగతిశీల మహిళా సంఘం వరకట్నానికి వ్యతిరేకంగా రోడ్డెక్కింది. 1983లో 498ఎ వచ్చింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అనుమానాస్పదంగా చనిపోతే, అంతకుముందు కట్నం కోసం వేధించారని తేలితే, భర్తా అత్తమామలే సంజాయిషీ చెప్పుకోవాలని 1986లో 304బి వచ్చింది. మావాళ్ళలో ఇద్దరు ప్లీడర్లున్నారు, వాళ్ళకిదంతా తెలుసు. అయినా ఫిర్యాదు ఇవ్వలేదు. పెద్దమ్మకి ఇంకో ఇద్దరు కూతుళ్ళున్నారు. "అమ్మాయే చెప్పిందిగా స్టవ్ పేలిందని" అన్నారు పెద్దలు. మధ్యవర్తులు కూర్చుని, ఇచ్చిన కట్నం వెనక్కి ఇప్పించారు. దాన్ని పెదనాన్న బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాడు.

రెండేళ్ళ తర్వాత నాకు అమెరికాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సోషియాలజీలో సీటొచ్చింది. సగం అసిస్టెంట్‌షిప్ ఇచ్చారు, మిగతా సగానికి డబ్బుందని చూపించాలి. అప్పట్లో హైదరాబాదులో అమెరికన్ కాన్సులేట్ లేదు, మద్రాసు వెళ్ళాలి. బ్యాంకు సర్టిఫికెట్ లేకుండా వెళితే వీసా రాదు. ఆ రోజుల్లో అందరూ చేసే పనే మా నాన్నా చేశాడు. చుట్టాల దగ్గర ఒక నెలకి సర్ది ఖాతాలో వేయించాడు. అందులో పెద్ద మొత్తం పెదనాన్న ఇచ్చాడు, ఆ డిపాజిట్ విడిపించి. వీసా వచ్చిన వారానికి తిరిగి ఇచ్చేశాం. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ఆ డబ్బు ఎక్కడిదో నాకు తెలుసు. తెలిసీ మద్రాసులో వీసా కిటికీ ముందు ఆ కాగితం చూపించాను. నాకేమీ అనిపించలేదు. నిజానికి చాలా సంతోషంగా ఉన్నాను.

*

అమెరికా చేరిన మొదటి రోజుల గురించి రాసేవాళ్ళు సాధారణంగా చలి గురించీ ఒంటరితనం గురించీ రాస్తారు. నాకు రెండూ ఉన్నాయి. ఫోను చాలా ఖరీదు కాబట్టి క్షేమంగా చేరానని చెప్పడానికి రెండు రింగులిచ్చి పెట్టేయాలని ఇంట్లో ఒప్పందం. ఆ రెండు రింగులిచ్చి, అవతల ఎవరూ ఎత్తకముందే పెట్టేసి, ఫోను పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చాను. ముగ్గురు తెలుగు అమ్మాయిలతో కలిసి ఒక అపార్ట్‌మెంటు, ఎవరో పారేసిన పరుపు, పెద్ద సంచి బియ్యం. ఇవన్నీ చాలామంది రాసినవే.

నాకు అంతకన్నా గుర్తున్నది ఒక మాట. విదేశీ విద్యార్థుల సమావేశంలో, 'మీరంతా మీ దేశానికి రాయబారులు' అన్నారు. తర్వాతి ఆదివారం ఒక తెలుగు కుటుంబం కొత్తగా వచ్చిన వాళ్ళని భోజనానికి పిలిస్తే ఆ ఇంటావిడా అదే అంది. "మనల్ని చూసే వీళ్ళు మన దేశాన్ని అంచనా వేస్తారమ్మా, జాగ్రత్తగా ఉండాలి." ఇరవై మూడేళ్ళ పిల్లకి ఇది ఎంత గర్వంగా ఉంటుందో! నేను ఇంట్లో ఎవరికీ దేనికీ ప్రతినిధిని కాదు. ఇక్కడ ఒక్కసారిగా తొంభై కోట్లమందికి రాయబారినైపోయాను.

మూడో వారం స్త్రీల అధ్యయనాల క్లాసులో గుండ్రని బల్ల చుట్టూ పన్నెండుమందిమి. ప్రొఫెసర్ మంచి మనిషి. తనని పేరు పెట్టి పిలవమంటే నాకు నోరు రాక ఏ పిలుపూ లేకుండా మాట్లాడేదాన్ని. ఆ రోజు పాఠం భారతదేశంలో వధువుల దహనం మీద. రెండు వ్యాసాలు చదివొచ్చాం. వాటిలో సతీ, కట్నం చావులూ, విధవల గుండ్లూ అన్నీ ఒకే కథలా కలిసిపోయి ఉన్నాయి. చర్చ మధ్యలో ఆవిడ నా వైపు తిరిగి చాలా మృదువుగా అడిగింది. ఇది నిజంగా ఇలాగే ఉంటుందా? నీకు తెలిసిన వాళ్ళలో ఎవరికైనా జరిగిందా?

పదకొండు మొహాలు నా వైపు తిరిగాయి. వాటిలో చెడ్డతనమేమీ లేదు, జాలి ఉంది. దాంతోపాటు ఒక ఎదురుచూపు కూడా ఉంది. సినిమాలో చూసినది ఎదుటికి వచ్చి నిలబడుతుందేమోనన్న ఎదురుచూపు.

నేనిలా చెప్పాను. మాలాంటి చదువుకున్న కుటుంబాల్లో ఇవి జరగవు. పత్రికలు ఎక్కువ చేసి రాస్తాయి. మా దేశంలో కిరసనాయిలు స్టవ్‌లు నాసిరకంగా ఉంటాయి, నిజంగానే పేలుతుంటాయి.

ఇంగ్లీషులో చెప్పాను. తడుముకోకుండా వచ్చింది. అమెరికా వచ్చాక క్లాసులో నేను తప్పుల్లేకుండా మాట్లాడిన మొదటి వాక్యాలు బహుశా అవే.

*

ఇది వట్టి పిరికితనమని తేల్చేస్తే సులువుగా ఉంటుంది. కానీ అక్కడ ఒక నిజమైన చిక్కుంది. నేను అక్క గురించి చెప్పి ఉంటే ఏం జరిగేది? సైకిలు నేర్పిన అక్కా, నవలలు దాచిన అక్కా ఆ బల్ల మీదకి వచ్చేది కాదు. కాలిన అక్క ఒక్కతే వచ్చేది, 'భారత స్త్రీ' అన్న శీర్షిక కింద, ఉదాహరణగా. నోరు మూసుకుంటే అక్కకి అన్యాయం, నోరు తెరిస్తే అక్కని వాళ్ళకి అప్పగించడం.

ఈ భయం ఊహ కాదు, దీనికి చరిత్ర ఉంది. 1927లో కేథరీన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి 'మదర్ ఇండియా' అనే పుస్తకం రాసింది. బాల్యవివాహాలూ ప్రసూతి మరణాలూ అన్నీ ఏకరువు పెట్టి, ఇలాంటి వాళ్ళు స్వపరిపాలనకి పనికిరారన్న చోటికి తీసుకొచ్చింది. అందులో జరిగినవి ఉన్నాయి, వాటిని వాడుకున్న తీరు వేరు. గాంధీ దాన్ని మురుగుకాలవల ఇన్‌స్పెక్టరు నివేదికతో పోల్చాడు. అయితే భారతీయులు చదివితే కొంత ఉపయోగమేనని కూడా అన్నాడు. ఈ రెండో మాట మనవాళ్ళు తక్కువగా గుర్తుపెట్టుకున్నారు. గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఆనాటి మహిళా సంఘాల వాళ్ళు. మేయో ఉద్దేశాన్ని తిప్పికొడుతూనే, 'మాకు సంస్కరించుకోవడం చేతకాదంటున్నారు కదా, అయితే చట్టం చెయ్యండి' అని నాయకుల్నీ ప్రభుత్వాన్నీ నిలదీశారు. 1929లో శారదా చట్టం వచ్చింది. ఈ కథని మృణాళినీ సిన్హా 2006లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చెప్పింది. ఆ స్త్రీలు నిజాన్ని దాచలేదు, పరాయివాళ్ళ చేతిలో పెట్టి ఊరుకోనూ లేదు. ఇంటివాళ్ళ ముందు పెట్టి జవాబడిగారు.

అంతకు నలభై ఏళ్ళ ముందు అమెరికాలో దిగిన ఇద్దరు స్త్రీలు నాకు తరచూ గుర్తొస్తారు. ఆనందీబాయి జోషి 1883లో బయల్దేరేముందు శ్రీరాంపూర్ సభలో, హిందువుగా వెళ్ళి హిందువుగానే తిరిగొస్తానని మాటిచ్చింది. 1886లో ఫిలడెల్ఫియాలో డాక్టరు పట్టా తీసుకుని, తిరిగొచ్చి, 1887 ఫిబ్రవరిలో పూణేలో చనిపోయింది. నిండా ఇరవై రెండేళ్ళు లేవు. చిన్నతనంలో భర్త తనని కొట్టిన సంగతి ఆమె రాసింది. అయితే రాసింది ఆ భర్తకే, ఉత్తరంలో. ఆమె పట్టా పండుగ చూడడానికి అమెరికా వచ్చిన పండిత రమాబాయి మరోదారి పట్టింది. 1887లో అక్కడే, ఇంగ్లీషులో, పుస్తకం రాసి ఇంటిగుట్టంతా బయటపెట్టింది. వితంతువుల బడికి నిధులు పోగుచేసింది. 1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. పరువు తీసిందని ఆమెని తిట్టినవాళ్ళు తక్కువమంది కాదు.

రమాబాయి దగ్గర నాకు రెండు సంగతులు ఆలస్యంగా కనిపించాయి. ఆమె తన పుస్తకానికి 'భారత స్త్రీ' అని పేరు పెట్టలేదు, 'అగ్రకుల హిందూ స్త్రీ' అని పెట్టింది. తను ఏ ఇంటి గుట్టు చెబుతోందో అట్ట మీదే చెప్పింది. రెండోది, తిరిగొచ్చాక 1889లో మరాఠీలో అమెరికా గురించి ఇంకో పుస్తకం రాసింది. అక్కడి స్త్రీల ముందడుగులతోపాటు, నల్లవాళ్ళపట్లా ఆదివాసులపట్లా తెల్లవాళ్ళ తీరునీ రాసింది. అంటే ఆ ఇంటి సంగతి ఈ ఇంట్లోనూ, ఈ ఇంటి సంగతి ఆ ఇంట్లోనూ చెప్పింది. గుండ్రని బల్ల దగ్గర నేను కాపాడిన ఇల్లు ఏదో నేను చెప్పలేదు. 'మా దేశం' అన్నాను. నిజానికి అది మా పెదనాన్న ఇల్లు. పొలమూ, కట్నమూ, ఇద్దరు ప్లీడర్లూ ఉన్న ఇల్లు. ఆ ఇంటి పరువుని ఒక దేశం పరువుగా మార్చి మాట్లాడడం నాకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

*

నేను చేరిన ఆ శరదృతువులోనే అమెరికా టీవీలన్నీ ఒకే కేసు గురించి మాట్లాడాయి. ఆ జూన్‌లో నికోల్ బ్రౌన్ సింప్సన్ హత్య జరిగింది. ప్రసిద్ధ ఫుట్‌బాల్ ఆటగాడైన మాజీ భర్త ఓ.జె. సింప్సన్ మీద విచారణ. ఆమె అంతకుముందు పోలీసులకి ఫోన్ చేసిన రికార్డులు ఇల్లిల్లూ విన్నది. మరుసటి ఏడు అక్టోబరులో అతను నిర్దోషి అని జ్యూరీ తేల్చింది. దీని మీద మా డిపార్ట్‌మెంటులో రోజూ వాదనలే. డబ్బు గురించీ, పోలీసుల జాతివివక్ష గురించీ, గృహహింస గురించీ మాట్లాడుకున్నారు. గుండ్రని బల్ల దగ్గర ఏ తెల్ల అమ్మాయి వైపూ తిరిగి 'మీ సంస్కృతిలో ఇది మామూలేనా' అని మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ళ ఇళ్ళల్లో జరిగేది నేరం, మన ఇళ్ళల్లో జరిగేది సంస్కృతి. 1997లో ఉమా నారాయణ్ తన పుస్తకంలో ఈ తేడానే పట్టుకుని, కట్నం హత్యల్నీ అమెరికాలో భర్తలూ ప్రియులూ చేసే హత్యల్నీ పక్కపక్కన పెట్టి చూపించింది. 2017లో సి.డి.సి. పద్దెనిమిది రాష్ట్రాల సమాచారాన్ని విశ్లేషించి, పరిస్థితులు తెలిసిన స్త్రీల హత్యల్లో సగానికి పైగా సన్నిహిత భాగస్వామి హింసకి సంబంధించినవేనని చెప్పింది.

ఈ వాదన సరైనది. చంద్రా తల్పడే మొహంతీ 1984 వ్యాసం చదివినప్పుడైతే నాకు ఊపిరి పీల్చుకున్నట్టయింది. 'మూడో ప్రపంచపు స్త్రీ' అని ఒకే బొమ్మ చేసి, పడమటి స్త్రీవాదం తన స్వేచ్ఛని అందులో ఎలా చూసుకుంటుందో ఆమె విప్పి చూపించింది. సెమిస్టరు చివర దాని ఆధారంగా ఇరవై పేజీల పేపరు రాశాను. ఆ గుండ్రని బల్ల దగ్గరి చూపుని చక్కగా విమర్శించాను. ఎ గ్రేడు వచ్చింది. ప్రొఫెసర్ నిజాయితీగా, తను ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సిందని మార్జిన్‌లో రాసింది.

ఆ పేపరులో అక్క లేదు. ఆవిడ క్షమాపణ అడిగింది, నేను తీసుకున్నాను. అబద్ధం చెప్పింది నేను, తప్పు ఒప్పుకున్నది ఆవిడ.

మనలాంటి చదువుకున్నవాళ్ళం ఇక్కడ కాస్త ఆగాలి. సరైన సిద్ధాంతాన్ని కూడా తెరలా వాడుకోవచ్చు. 'మీ ఇంట్లో లేదా?' అనేది న్యాయమైన ప్రశ్నే. కానీ అది మా ఇంట్లో జరిగినదానికి జవాబు కాదు. రెండు ఇళ్ళల్లోనూ స్త్రీలని చంపుతున్నారంటే శవాలు రెండవుతాయి తప్ప ఒకదానికొకటి చెల్లు కావు. స్టవ్ పేలిందన్న మాట మొరటు అబద్ధం. ప్రాతినిధ్య రాజకీయాల మీద ఇరవై పేజీలు నాజూకు అబద్ధం. ఒక్క వాక్యం కూడా తప్పు కాదు, మొత్తంగా అబద్ధం.

*

మా అపార్ట్‌మెంటు కింద బట్టలుతికే గది ఉండేది. పావలా డాలరు బిళ్ళలు వేస్తే తిరిగే యంత్రాలు. అదే క్లాసులో ఉన్న నల్లజాతి అమ్మాయి, మా పై అంతస్తులో ఉండేది, శనివారాలు అక్కడ కలిసేది. ఆమే నాకు కింబర్లీ క్రెన్‌షా 1991 వ్యాసం ఇచ్చింది. లాస్ ఏంజెలిస్ పోలీసులు ప్రాంతాలవారీగా గృహహింస లెక్కలు బయటపెట్టకపోవడం గురించి అందులో ఉంది. ఆ లెక్కలు బయటికొస్తే నల్లవాళ్ళంతా హింసాపరులన్న పాతపాటకి అవి దొరుకుతాయని కొందరి భయం. ఇది అల్పసంఖ్యాకుల గొడవే కదా అని మిగతావాళ్ళు పట్టించుకోవడం మానేస్తారని ఇంకొందరి భయం. మధ్యలో దెబ్బలు తినేవాళ్ళు నల్లజాతి స్త్రీలు.

ఆమె తన పిన్ని గురించి చెప్పింది. బాబాయి కొడుతుంటే పోలీసుల్ని పిలవలేదట. పిలిస్తే వచ్చిన పోలీసు అతన్ని కాల్చేస్తాడేమోనని. "మేం నోరు మూసుకోవడానికి ఒక కారణం ఉంది" అంది. అప్పుడు నేను అక్క సంగతి చెప్పాను. ఎందుకో అక్కడ చెప్పగలిగాను. ఆమె జాలిపడదని తెలుసు కాబట్టేమో.

ఆమె అంతా విని, క్లాసులో ఎందుకు చెప్పలేదని అడగలేదు. "మీ ఇంట్లో ఎవరితోనైనా అన్నావా?" అంది.

లేదు. ఎవరితోనూ అనలేదు. బయటివాళ్ళ ముందు చెప్పాలా వద్దా అని ఇన్ని నెలలు మథనపడ్డాను, ఇంతమందిని చదివాను. ఇంట్లో మాత్రం ఒక్కరి ముందు, ఒక్కసారి కూడా, 'స్టవ్ పేలలేదు' అని అనలేదు. మా ఇంట్లో పోలీసులు ఎవరినీ కాల్చరు. మా ఇంట్లో నేను రాయబారిని కాదు, మన దేశాన్ని చిన్నచూపు చూసేవాళ్ళు అక్కడ లేరు. నేను చెప్పుకున్న కారణాల్లో ఏ ఒక్కటీ మా ఇంటి గడప లోపల చెల్లదు. అక్కడా నేను నోరు మూసుకునే ఉన్నానంటే, క్లాసులో మూసుకోవడానికి అసలు కారణం వలసవాదపు చూపు కాదు.

ఇక్కడే నాకు సామెతలో ఒక మోసం కనిపించింది. లంకకి చేటు తెచ్చిన గుట్టు విభీషణుడిది. కానీ కథలో విభీషణుడు నేరుగా సముద్రం దాటి వెళ్ళలేదు. ముందు నిండు సభలో, అన్నగారి మొహం మీదే, చేసింది తప్పు, సీతని పంపించెయ్యమని చెప్పాడు. అవమానపడ్డాడు. ఆ తర్వాతే వెళ్ళాడు. సామెత ఈ సగాన్ని మింగేసి, బయట చెప్పడాన్నే గుర్తుపెట్టుకుంది. లోపల చెప్పినప్పుడు ఎవరూ వినలేదన్నది మాయం చేసింది. లంకకి చేటు గుట్టు బయటపడడం వల్ల వచ్చిందా, సభలో విననందువల్ల వచ్చిందా?

అప్పటినుంచీ నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. బయటివాళ్ళకి జవాబు చెప్పను అనే హక్కు నాకుంది. ప్రతి గుండ్రని బల్ల దగ్గరా నా వాళ్ళ గాయాలు విప్పి చూపించక్కర్లేదు. కానీ లోపల మాట్లాడినప్పుడే ఆ హక్కు నాకు వస్తుంది. లోపల మౌనంగా ఉండి బయట కూడా మౌనంగా ఉంటే అది ఆత్మగౌరవం కాదు, నేరానికి కాపలా. ఇక లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడానికి మాత్రం ఎవరి ముందూ హక్కు లేదు. 'చెప్పను' అనడం వేరు, 'స్టవ్ పేలింది' అనడం వేరు.

ఈ నియమం నేను కనిపెట్టింది కూడా కాదు. అమెరికాలోనే మన ఆడవాళ్ళు దీన్ని నాకన్నా ముందు ఆచరించారు. న్యూజెర్సీలో మానవి 1985లో, న్యూయార్కులో సఖి 1989లో, షికాగోలో అప్నా ఘర్ 1990లో మొదలయ్యాయి. గుడి చందాలూ పండుగ సభలూ ఉన్న చోటే, మన ఇళ్ళల్లోనూ కొడుతున్నారని పైకి చెప్పిన స్త్రీలు వీళ్ళు. నన్ను భోజనానికి పిలిచిన ఇంట్లోనే, ఆ రోజు, మణికట్టు మీద కమిలిన గాజులు సర్దుకుంటున్న ఒక విద్యార్థి భార్య ఉంది. ఎఫ్-2 వీసా, ఉద్యోగం చేసే వీల్లేదు. ఆ సెప్టెంబరులోనే వచ్చిన స్త్రీలపై హింస నిరోధక చట్టం పౌరుల భార్యలకీ గ్రీన్‌కార్డున్నవాళ్ళ భార్యలకీ విడిగా దరఖాస్తు చేసుకునే దారి ఇచ్చింది, విద్యార్థుల భార్యలకి ఇవ్వలేదు. ఆమె చెయ్యి మేం నలుగురం చూశాం. రాయబారులం కదా, సాంబారు బాగుందన్నాం.

*

1996 వేసవిలో ఇంటికి వెళ్ళాను. పెద్దమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ తీశాను. కాసేపటికి అన్నాను.

"పెద్దమ్మా, ఆ స్టవ్వు అటక మీదుంది కదా."

పెద్దమ్మ చేతులు ఆగలేదు. "నువ్వు విన్నావని నాకు తెలుసు" అంది. ఇంకాసేపటికి, "ఆమె చెప్పింది. మేమే వినలేదు" అంది. తర్వాత, "నన్ను అడిగినవాళ్ళు లేరే ఇన్నాళ్ళూ. అడిగితే చెబుదామనే ఉంది" అంది.

ఇన్నాళ్ళూ పెద్దమ్మ బాధపడుతుందనే కదా మేమెవరం మాట్లాడలేదు! ఆమె మాత్రం ఎవరైనా అడుగుతారేమోనని చూస్తూ కూర్చుంది.

రాత్రి భోజనాల దగ్గర పెద్దమ్మే పెదనాన్నతో పైకి అంది. పెద్ద గొడవైంది. అమెరికా వెళ్ళి ఈ మాటలు నేర్చుకొచ్చిందన్నారు నన్ను. నేను నేర్చుకొచ్చింది అందుకు విరుద్ధం, కానీ అది చెప్పే అవకాశం రాలేదు. పెదనాన్న ఆ తర్వాత నాతో మాట్లాడలేదు, పోయేదాకా. కేసు పెట్టలేదు. పెట్టడానికి నాలుగేళ్ళు ఆలస్యమైంది, పిల్లాడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. దీనివల్ల ఏం మారిందని అడిగితే చూపించడానికి పెద్దగా ఏమీ లేదు. మిగిలిన ఇద్దరు అక్కచెల్లెళ్ళూ పెళ్ళయ్యాక ఏ కష్టమొచ్చినా ముందు పెద్దమ్మకే చెప్పారు. ఒకామె పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఈసారి మధ్యవర్తులు కూర్చోలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకరి సంగతి. గేటు దగ్గరికొచ్చి చెప్పినామెని ఆ వారమే పనిలోంచి తీసేశారు. మాదిగపల్లె నించి వచ్చేది. ఆమె మాట వినలేదు సరే, ఆమె ఏమైందని కూడా మావాళ్ళెవరూ కనుక్కోలేదు. నేను వెతికాను, అప్పటికి ఊళ్ళో లేదు. ఇంటిగుట్టు గురించి నేను చదివిన చర్చలన్నీ ఇంటివాళ్ళ గురించే, ఇంటివాళ్ళకి పరువు ఉంటుందన్న లెక్కతోనే. ఆ పరువులో ఆమెకి వాటా లేదు. నిజం చెబితే పోయేది మాత్రం ఆమె జీతం. మా ఇంట్లో డిగ్రీలున్నవాళ్ళమంతా సందిగ్ధాల్లో ఉండగా, ఏ సందిగ్ధమూ లేకుండా నడిచొచ్చి రెండు వాక్యాలు చెప్పింది. నా నైతిక ప్రశ్న ఆమెకి అర్థం కాదనుకోను. అవసరం లేదనిపించి ఉంటుంది.

ఆ సామెత ఇప్పటికీ సముద్రం దాటుతూనే ఉంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించినప్పుడూ, అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లుని అక్టోబరులో గవర్నరు తిప్పి పంపినప్పుడూ, మన సంగతి పరాయివాళ్ళ ముందు పెట్టి పరువు తీస్తున్నారన్న మాట మళ్ళీ విన్నాను. అన్నవాళ్ళలో నాలాగే రెండు సూట్‌కేసులతో దిగినవాళ్ళున్నారు. వాళ్ళని అడగాల్సింది బట్టలుతికే గదిలో నన్నడిగిన ప్రశ్నే. లోపల ఎప్పుడైనా అన్నారా? మనదేశంలో 304బి పోయి 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 80 అయింది. అంకె మారింది. ప్రభుత్వ నేర గణాంకాల ప్రకారమే 2022లో కట్నం చావులు ఆరువేలకు పైన. అందులో అటక మీది స్టవ్‌లు పేలినవి లెక్కలోకి రావు.

ఈ వ్యాసం రాసేముందు పెద్దమ్మని అడిగాను. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి. రాయమంది. "దాని పేరు మాత్రం రాయకు. వాడు చదువుతాడు" అంది. వాడంటే అక్క కొడుకు. అందుకే ఇక్కడ అక్క పేరు లేదు. ఇదీ గుట్టే కదా అని మీరు అడగవచ్చు. కాదనుకుంటున్నాను. అప్పుడు మాట్లాడొద్దన్నది ఆ చావుని కప్పిపుచ్చుకోవలసినవాళ్ళు. ఇప్పుడు పేరు వద్దన్నది కన్నతల్లి. అదీ జరిగిందంతా పైకి చెప్పాక.